దయ కాదు, బాకీ

మన పల్లెలలో బడిపంతులు పిల్లలకు చదువు చెప్పుటతో తీరిపోవువాడు కాడు. ఊరివారి అర్జీలు, ఒప్పందములు, శుభలేఖలు, బ్యాంకు కాగితములు, అన్నియు వాని చేతిమీదుగనే నడచుచుండును. "పంతులుగారు వ్రాసినారు" అన్నచో, ఆ కాగితమున ఏమున్నదో చదువనేరనివారు సైతము దానిని నమ్ముదురు. ఈ నమ్మకము నాకు గౌరవమని పదునెనిమిది ఏండ్లు మురిసితిని. అది ఎంతటి ప్రమాదకరమైన అధికారమో తెలియుటకు ఒక కూలివాని కుడిచేయి పోవలసివచ్చెను. ముందు ఆ కథ చెప్పి, పిమ్మట నా వాదము చెప్పెదను. ఆ కథలో మొదటి దోషి యజమాని; రెండవ దోషిని నేను.

గోదావరి డెల్టాలోని మా ఊర ఒక బియ్యపు మిల్లు కలదు. అప్పుడు అందు పనివారు ఎనమండుగురు. మోటారునుండి యంత్రమునకు తిరుగు బెల్టుకు అడ్డముగ ఇనుపజాలి ఉండవలెను. ఒకప్పుడు ఉండెను గూడ. మరమ్మతునకై విప్పిన జాలిని మరల బిగింపక గోడకు చేరవేసిరి. అది ఆరు నెలలు అచ్చటనే తుప్పుపట్టెను. పనివారు రెండుమారులు చెప్పిరి. "ఈ సీజను కానివ్వండి, చూద్దాం" అని యజమాని అనెను. 2018 జనవరిలో, ఆ సీజను సాగుచుండగనే, ఒక రాత్రి ముప్పదియైదేండ్ల పనివాడొకడు జారుచున్న బస్తాను పట్టబోయెను. బెల్టు అతని కుడిచేతిని లాగికొనెను. వైద్యులు ఆ హస్తమును తీసివేయవలసివచ్చెను.

యజమాని క్రూరుడని చెప్పను. అర్ధరాత్రి తన కారులోనే అతనిని పట్టణపు ఆసుపత్రికి చేర్చెను, ఖర్చంతయు పెట్టుకొనెను, ఇంటికి తెచ్చిననాడు ఇరువదియైదువేల రూపాయలు చేతిలో పెట్టెను, నెలకొక బియ్యపు బస్తా పంపెదననెను. ఊరంతయు ఆయనను మెచ్చుకొనెను. నేనును మెచ్చుకొంటిని. వారము గడచిన పిమ్మట ఆయన మా యింటికి వచ్చి, "మాస్టారూ, రేపు ఎవరో ఒకరు వాళ్ళకి లేనిపోనివి ఎక్కిస్తారు. మీ చేత్తో ఒక కాగితం రాసిపెట్టండి" అని కోరెను. వ్రాసితిని. ప్రమాదము తన అజాగ్రత్తవలననే జరిగినదనియు, యజమాని దయతో ఇచ్చిన సొమ్ము ముట్టినదనియు, ఇకమీదట ఏ విధమైన హక్కును కోరననియు ఆ పనివాడు ఒప్పుకొన్నట్లు, ఎక్కడను తప్పులేని తెలుగున వ్రాసితిని.

అతని భార్య గుమ్మమునొద్ద నిలిచి, "ఇది రాయకపోతే బస్తా ఇవ్వరాండి?" అని అడిగెను. సూటియైన ప్రశ్న. నాకు వినబడలేదు. "కోర్టుకెక్కి బాగుపడినవాళ్ళెవరమ్మా? ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు" అని సామెత చెప్పితిని. మగవాని వ్రేలిముద్ర ఎడమచేతిదే తీసికొనుట ఆచారము గనుక, కుడిచేయి లేకపోవుటచే ఆ కాగితమునకు లోపము కలుగలేదు.

బస్తాలు నాలుగు నెలలు వచ్చినవి. ఐదవ నెలనుండి మిల్లు లెక్కలు కొడుకు చూడసాగెను. అతనికి తండ్రి మాటతో పనిలేదు, కాగితముతోనే పని. పనివాని భార్య రొయ్యల షెడ్డులో కూలికి కుదిరెను. చిన్న పిల్లవానిని చూచుకొనుటకు పెద్దపిల్ల బడి మానెను. ఆ పిల్ల నా తరగతిలోనిదే. హాజరుపట్టీలో ఆమె పేరున కెదురుగ కొన్నాళ్ళు 'రాలేదు' అని వ్రాసి, తరువాత పేరే కొట్టివేసితిని. తండ్రి హక్కును కొట్టివేసిన చేతితోనే కూతురి పేరునుగూడ కొట్టివేసితినని నాకు తోచుటకు మూడేండ్లు పట్టెను.

2021లో నా పూర్వ విద్యార్థి యొకడు, ఇప్పుడు న్యాయవాది, సంక్రాంతికి ఊరికి వచ్చి, మాటలలో ఈ సంగతి విని, పలకమీద లెక్క వేసినట్లు నాకు లెక్క వేసి చూపెను. పాఠకులును ఆ లెక్కను చూడవలెను. 1923లో చేయబడి 1924 జూలై 1నుండి నడచిన పనివారి నష్టపరిహారపు చట్టము ప్రమాదమునాటికి అమలులో ఉన్నది. శాశ్వతముగ పూర్తి అశక్తుడైనవానికి, నెలజీతములో నూటికి అరువది వంతులు తీసి, వయస్సునుబట్టి చట్టము నిర్ణయించిన గుణకముతో హెచ్చవేయవలెను. ఇతని జీతము ఎనిమిదివేలు. అందు నూటికి అరువది వంతులు 4,800. ముప్పదియైదేండ్లకు గుణకము 197.06. హెచ్చవేసినచో 9,45,888 రూపాయలు. ఒక హస్తము పోయినచో సంపాదనశక్తిలో నూటికి అరువది వంతులు పోయినట్లని చట్టపు పట్టికయే చెప్పుచున్నది. ఆ వంతు కట్టగా, పైసలు వదలి, 5,67,532 రూపాయలు. నెలలోపల చెల్లింపనిచో నూటికి పన్నెండు చొప్పున వడ్డీ. తగిన కారణము లేక ఆపినచో అసలులో సగమువరకు జరిమానా. నేను వ్రాసి ఇప్పించినది 25,000 రూపాయలు, నాలుగు బస్తాల బియ్యము.

ఇంతకంటెను సిగ్గుపడవలసిన మాట పిమ్మట చెప్పెను. పరిహారపు హక్కును వదలుకొనుచు పనివాడు వ్రాసియిచ్చిన ఒప్పందమేదియు చెల్లదని ఆ చట్టపు 17వ సెక్షను. అనగా నా కాగితము పుట్టినదినముననే చచ్చినది. న్యాయస్థానమున దానికి చిత్తుకాగితపు విలువయైనను లేదు. మరి ఆ కుటుంబమును మూడేండ్లు కట్టివేసినది ఏది? చట్టము కాదు, యజమాని బలమును కాదు. పంతులుగారి దస్తూరి. "మాస్టారే రాశారు, ఇంకేముంది?" అని వారు ఊరకుండిరి. దరఖాస్తునకు చట్టమిచ్చిన రెండేండ్ల గడువు ఆ నమ్మకములోనే గడచిపోయెను.

ఇపుడు వాదమునకు వత్తును. మన దేశమున పని చేయుచు దెబ్బతినినవానికి యజమాని ఇచ్చునది దయయని మనమందరము నమ్ముచున్నాము. అది బాకీ. ఆ 1923 నాటి చట్టములో యజమాని నిర్లక్ష్యమును నిరూపింపవలసిన పనియే లేదు. పనివలన, పని జరుగుచున్న కాలమున గాయము తగిలెనని చూపిన చాలును. మద్యపు మైకములో నుండుట, స్పష్టమైన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగ మీరుట, రక్షణసాధనమును తెలిసియే తొలగించుట, ఇవి మాత్రము యజమానికి తప్పించుకొను దారులు. ప్రాణమే పోయినచో, లేక మనిషి శాశ్వతముగ పూర్తి అశక్తుడైనచో ఆ దారులును మూసికొనును. యజమాని నిర్లక్ష్యమును నిరూపింపగలవాడు సివిలు కోర్టున అంతకంటె హెచ్చు నష్టపరిహారమునకు దావా వేయవచ్చును. కాని రెండింటిలో ఒకటే దారి ఎంచుకొనవలెను. ఏ దారి యైనను అడుగునది బిచ్చము కాదు. కిరాణా కొట్టులో మనకు అరువున్నపుడు, షావుకారు బాకీ అడుగవచ్చినచో అతనిని మనము కృతఘ్నుడనుచున్నామా?

బాకీని దయగా ఇచ్చువాడు రెండుమారులు లాభపడును. ఐదులక్షల చోట ఇరువదియైదువేలు ఇచ్చుటచే సొమ్ము మిగులును. ఇచ్చితినను పేరును మిగులును. పుచ్చుకొనువాడు రెండుమారులు నష్టపడును. రావలసినది పోవును, వచ్చిన కొంచెమునకు జీవితాంతము చేతులు జోడింపవలెను. ఆ చేతులలో ఒకటి లేనివానిని సైతము మనము జోడింపుమని కోరుచున్నాము.

ఇందుకు వచ్చు ఆక్షేపణలను నేను చెవులార విన్నాను. కొన్నింటిని నేనే ఒకప్పుడు పలికితిని. కావున వానికి వరుసగ సమాధానము చెప్పుట నా విధి.

మొదటిది: "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహము చేయుదురా?" ఎవరి ఉప్పు ఎవరు తినిరి? నెలకు ఎనిమిదివేలకు రాత్రింబగళ్ళు బస్తాలు మోసినవాడు ఎవరికి ఋణపడినాడు? అతడు మోసిన బస్తాలే మిల్లు, కారు, యజమాని కొడుకు చదువు అయినవి. జీతము పనికి ప్రతిఫలము. చేతికి ప్రతిఫలము కాదు. నెలజీతములో చేయియు కలిసియున్నదని ఏ ఒప్పందమునను వ్రాసియుండదు. విశ్వాసము సేవకుని ధర్మమైనచో, జాలి బిగించుట యజమాని ధర్మము. ఒకరి ధర్మమును గూర్చి పద్యములు చదివి, రెండవవారి ధర్మమును గూర్చి మౌనము వహించుట నీతిబోధ కాదు, పక్షపాతము.

ఈ కృతజ్ఞతావాదము మన సనాతన ధర్మమని కొందరి భ్రమ. న్యాయస్థానములలో దానికి రూపమిచ్చినది ఇంగ్లాండు. 1835లో ఆ దేశమున మాంసపు వర్తకునియొద్ద పనిచేయు కుర్రవాడొకడు, మితిమీరిన బరువుతో నడచిన బండి విరుగగా తొడయెముక విరుగగొట్టుకొనెను. జ్యూరీ అతనికి నూరు పౌనులు ఇప్పించెను. 1837లో ప్రీస్ట్లీ, ఫౌలరుల వ్యాజ్యమను పేర ప్రసిద్ధమైన ఆ తగవులో పై న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసెను. సేవకునికి యజమాని బాధ్యుడని ఒప్పుకొన్నచో ఇక అంతుండదట. పనికత్తె తడిపక్క వేసినందుకును, వంటవాడు గిన్నెలు సరిగా తోమనందుకును యజమానియే చెల్లింపవలసివచ్చునట. అపాయమని తోచిన పనిని సేవకుడు మానుకొనవచ్చునుగదా యట! ఆకలిగొన్న కుర్రవానికి పని మానుకొను స్వేచ్ఛ కలదని ధర్మాసనమెక్కి చెప్పినవారికి ఆకలి యన నేమో తెలిసియుండదు. ఈ బీజమునుండియే, తోడిపనివాని తప్పుచే గాయపడినవానికి యజమాని బాధ్యుడు కాడను సిద్ధాంతము మొలకెత్తి, ఆ దేశమున 1948వరకు చట్టమున నిలిచెను. దానిని పుట్టించినవారే పారవేసినపిమ్మట, మనము మన పూర్వుల సొత్తని దానిని పూజించుచున్నాము.

శాస్త్రము చూపుమందురా? చూపెదను. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున వ్యవహారపదములు, అనగా రాజు విచారింపవలసిన తగవులు, పదునెనిమిది చెప్పబడినవి. అందు వేతనము నీయకుండుట యొకటి. సేవకుడు యజమానిపై ఫిర్యాదు చేయుట ద్రోహమని శాస్త్రకర్త తలచియుండినచో దానిని రాజసభకు ఎక్కింపడు. ఆ అధ్యాయముననే, రోగముచే పని మానిన భృతకుడు స్వస్థుడై ఒప్పుకొన్నపని పూర్తిచేసినచో, ఎంతకాలము గడచినను అతని వేతనము అతనికి చెందవలసినదే యని యున్నది. మనువు చెప్పినదెల్ల నాకు సమ్మతము కాదు. ఈ పత్రిక చదువువారికిని కాదు. కాని శాస్త్రము పేర పేదవాని నోరు నొక్కువారు ముందు శాస్త్రమును చదువవలెనని మాత్రము మనవి చేయుచున్నాను.

రెండవ ఆక్షేపణ: "అంతయు కర్మ. వాని నొసట అట్లు వ్రాసియున్నది." విప్పిన జాలి ఆరు నెలలు గోడకు చేరగిలియుండుట ఏ జన్మపు కర్మము? అది ఈ జన్మముననే, ఈ సీజనుననే, రెండు గంటల పని ఆగుననెడి లెక్కతో చేసిన నిర్ణయము. మరియు, ఈ కర్మసిద్ధాంతము ఒకవైపే పనిచేయుట చూడుడు. మిల్లులో ధాన్యము తగులబడిననాడు యజమాని "నా కర్మ" అని కూర్చుండునా? తెల్లవారకముందే బీమావారికి కబురంపును. తన ధాన్యము చట్టముక్రిందికి, పనివాని చేయి కర్మముక్రిందికి వచ్చునని అతనికి చెప్పిన గురువెవడు?

పెద్ద ప్రమాదము జరిగినపుడు ఈ కర్మవాదము కొంత తగ్గును. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున ఔషధ కర్మాగారములో పేలుడు సంభవించి పదునేడుగురు మరణించిరి. 2025 జూన్ 30న పాశమైలారమున జరిగిన విస్ఫోటములో ఏబదిమందికి పైగా అసువులు బాసిరి. అప్పుడు మంత్రులు వచ్చిరి, పత్రికలు వ్రాసినవి, పరిహారపు ప్రకటనలు వెలువడినవి. ఒక్క మిల్లులో ఒక్క రాత్రి ఒక్క చేయి పోయినచో ఎవరును రారు. అచ్చటికి పోవువాడు బడిపంతులొక్కడే. అతడును యజమాని పిలిచినందున పోవును. పెద్ద ప్రమాదమున చచ్చినవాని కుటుంబమునకు ఏ న్యాయము చెల్లునో, చిన్న ప్రమాదమున చెడినవాని కుటుంబమునకును అదే న్యాయము చెల్లవలెను. గాయపడినవారి సంఖ్యనుబట్టి హక్కు పుట్టదు.

మూడవది కోర్టు భయము. నేను చెప్పిన సామెత అబద్ధము కాదు; ఆస్తి తగవులలో తాతనాటి వ్యాజ్యము మనుమని కాలమున తేలుట మనమెరుగనిది కాదు. కాని ఆ సామెతను ఎక్కడ పడినచో అక్కడ వాడరాదు. ఈ దరఖాస్తు మామూలు సివిలు కోర్టునకు పోవునది కాదు. కార్మికశాఖకు చెందిన అధికారియొద్దకు పోవునది. వకీలు ఫీజు లేదందురా? 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, అంగవికలురకు, పరిశ్రమలలోని పనివారికి ఉచిత న్యాయసహాయపు హక్కు నిచ్చినది. 1923 నాటి చట్టముక్రింద యజమాని హైకోర్టునకు అప్పీలు చేయదలచినచో, తీర్పుచెప్పిన సొమ్మును ముందు జమకట్టవలసియుండెను. అప్పీళ్ళతో పేదవానిని అలయజేయువారికి ఇంతకంటె మంచి కళ్ళెము లేదు.

ఒక వడ్రంగి కథ చెప్పెదను. మన ఉత్తరాంధ్రకు పొరుగుననున్న ఒడిశాలోని జయపురమున, 1968 జూలైలో, అతడు ఒక సినిమాహాలులో నగిషీపని చేయుచు క్రిందపడెను. ఎడమచేతిని మోచేతియొద్ద తీసివేసిరి. చేయి పూర్తిగా పోలేదుగనుక నష్టము కొంతయే యని యజమాని వాదించెను. వడ్రంగి ఒంటిచేతితో వడ్రంగము చేయజాలడుగనుక అతని సంపాదనశక్తి పూర్తిగ పోయినట్లేయని కమీషనరు నిర్ణయించి, 9,800 రూపాయలు పరిహారము, అందు సగము జరిమానా, నూటికి ఆరు వడ్డీ చెల్లింపుమనెను. తగవు సుప్రీంకోర్టువరకు పోయెను. 1975 డిసెంబరులో యజమాని ఓడెను. చెల్లింపవలసిన బాధ్యత తీర్పునాడు కాదు, గాయము తగిలిననాడే పుట్టునని ఆ న్యాయస్థానము చెప్పెను. ఏడేండ్లు స్వల్పకాలమని నేననను. కాని ఆ ఒంటిచేతివాడు నిలిచి పోరినందువలన, తరువాతి పనివారెందరికో ఆ మాట ఆధారమైనది. అతనికి మావంటి పంతులు సామెత చెప్పియుండినచో ఏమయ్యెడిది?

నాల్గవది: "చిన్న యజమాని, ఐదు లక్షలనిన చితికిపోవును." ఈ కష్టమునకు బీమా యున్నది. ధాన్యమునకు, మోటారునకు, కారునకు బీమా కట్టువాడు ఎనమండుగురు మనుష్యులకు కట్టరాదా? కట్టకుండుట అతడు మిగుల్చుకొన్న ఖర్చు. ఆ ఖర్చే ఒకనాడు ఒకని చేయిగా మారినది. "తక్కినవారి పనులు పోవును, సాక్ష్యము చెప్పువాడుండడు" అను మాట మాత్రము నిజమైన భయము. దానిని నేను తేలికగ త్రోసివేయను. ఆకలి వారిది, మేడమీద కూర్చుండి "పోరాడుడు" అనుట సులభము. అందుచేతనే, వ్యాజ్యము వేయవలెనా వలదా యను నిర్ణయము గాయపడినవానిది, అతని ఇల్లాలిది. మనది కాదు. వారి నిర్ణయమునకు కావలసిన లెక్కను దాచకుండుట, అవసరమైననాడు సాక్షిగ నిలుచుట, ఇవి రెండే మనవి.

మరి నిర్ణయించుట యెట్లు? ముందుగ ఏ కాగితముమీదను సంతకము చేయరాదు. గాయము ఎక్కడ, ఏ పనిలో తగిలెనో ఆసుపత్రి పుస్తకమున వ్రాయించవలెను. "ఇంటిదగ్గర పడినాడు" అని వ్రాయించువారు ఉందురు, జాగ్రత్త. పోలీసుఠాణాలో తెలుపవలెను. యజమానికి వ్రాతమూలకముగ నోటీసు పంపి నకలు దాచుకొనవలెను. జీతము ముట్టినట్లు చూపు బ్యాంకు పుస్తకమో, చీటియో భద్రపరుపవలెను. ఆ రాత్రి పనిలోనున్నవారి పేర్లు వ్రాసికొనవలెను. పనివాడు ఈ.ఎస్.ఐ. బీమాలో చేరియున్నాడేమో కనుగొనవలెను. చేరియున్నచో అతడు అడుగవలసినది ఆ బీమా సంస్థను, యజమానిని కాదు. పిమ్మట లెక్క వేయించవలెను. 1923 నాటి చట్టము 2025 నవంబరు 21నుండి 2020 నాటి సామాజిక భద్రతా కోడులో కలిసిపోయినది. యజమాని బాధ్యతయు, రెండేండ్ల గడువును అందును నిలిచియున్నవి. యజమాని ఆ లెక్క ప్రకారము పూర్తిగ ఇయ్యవచ్చినచో, అధికారియొద్ద ఆ ఒప్పందమును నమోదు చేయించుకొని సంతోషముగ రాజీపడవచ్చును. అది గౌరవమైన రాజీ. లెక్క తెలిసి వదలుకొన్నవాడు ఉదారుడు కావచ్చును. లెక్క తెలియక వదలుకొన్నవాడు మోసపోయినవాడు.

ఇంతవరకు చదివి, "ఇది మిల్లుయజమానుల సంగతి, మాకేమి?" అని అనుకొను గృహస్థులకు ఒక మాట. మన మేడకు సున్నము వేయవచ్చినవాడు త్రాడులేక వ్రేలాడినపుడు క్రిందనుండి చూచుచు కాఫీ త్రాగినవారము మనమే. మన యింటి సెప్టిక్ ట్యాంకు నిండినపుడు, యంత్రము ఖరీదని, ఇద్దరు మనుష్యులను దింపినవారము మనమే. 2013 నాటి చట్టము రక్షణసాధనములు లేక మురుగుకాలువలలోనికిని, సెప్టిక్ ట్యాంకులలోనికిని మనుష్యులను దింపుట నిషేధించినది. ఆ నిషేధము మునిసిపాలిటీకే కాక ఏ వ్యక్తికైనను చెల్లును. మొదటి తప్పునకే రెండేండ్లవరకు చెర, రెండు లక్షలవరకు జరిమానా. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు పది లక్షలు ఇయ్యవలెనని సుప్రీంకోర్టు 2014లో చెప్పి, 2023 అక్టోబరులో దానిని ముప్పది లక్షలకు పెంచెను. స్త్రీవిద్యను, సంస్కరణమును గూర్చి ముందుగదిలో ఉపన్యసించుచు, పెరటిలో మనిషిని గోతిలోనికి దింపు ఇంటికి సంస్కారమెక్కడిది? మనమును యజమానులమే. మిల్లుయజమానిని కొలిచిన కొలబద్దతోనే మనలనుగూడ కొలుచుకొనవలెను.

ఇక నా సంగతి. లెక్క తెలిసిన మరునాడు ఆ పనివాని యింటికి పోయితిని. అతడు ఎడమచేతితో కొబ్బరిమట్టను చీల్చుటకు తంటాలు పడుచుండెను. "నేను రాసింది తప్పు. అది చెల్లదు. అడిగే హక్కు మీకు ఇంకా ఉంది" అని చెప్పితిని. అతడు చాలసేపు మాటాడలేదు. "అప్పుడే చెప్పుంటే బాగుండేది మాస్టారూ" అనెను. అంతే. తిట్టియుండినచో నాకు సులభముగ నుండెడిది. భార్యాభర్తలు వారము ఆలోచించుకొనిరి. తగిన కారణము చూపినచో గడువు దాటిన దరఖాస్తునుగూడ స్వీకరింపవచ్చునని చట్టమున నున్నది. 2022లో వారు దరఖాస్తు వేసిరి. ఆలస్యమునకు వారు చూపిన కారణము నేను. చదువుకొన్నవాడొకడు చెల్లని కాగితమును చెల్లునట్లు చూపి తమను నమ్మించెనని. అది నిజమేయని నేను ప్రమాణపత్రము వ్రాసి సంతకము చేసితిని. తప్పులేని తెలుగున వ్రాసితినో లేదో చూచుకొనలేదు.

ఆ దరఖాస్తు ఇంకను తేలలేదు. గెలుతురని నేను చెప్పజాలను. మిల్లుయజమాని నా నమస్కారమునకు ప్రతినమస్కారము మానెను. "పంతులుకి ఊరి గొడవలెందుకు?" అని పెద్దలు అనుచున్నారు. కాగితము వ్రాసిననాడు ఈ ప్రశ్న ఎవరును అడుగలేదు. బలవంతుని పక్షమున వ్రాసినది సహాయము, బలహీనుని పక్షమున వ్రాసినది గొడవ! ఈ నిఘంటువును మార్చుటయే మన సంస్కరణమునకు మిగిలిన పని.

చదువరులారా, మీలో ఉపాధ్యాయులున్నారు, గుమాస్తాలున్నారు, కరణపు వంశములవారున్నారు, చదువుకొన్న ఇల్లాండ్రున్నారు. రేపు మీ గుమ్మమునను ఒక యజమాని కాగితము వ్రాయుమని వచ్చి నిలుచును. ఆయన వెనుక, కొంచెము దూరముగ, ఒక స్త్రీ నిలిచి, "ఇది రాయకపోతే బస్తా ఇవ్వరాండి?" అని అడుగును. నేను ఆనాడు చెప్పవలసి, చెప్పలేకపోయిన సమాధానమును మీకు అప్పగించుచున్నాను: "బస్తా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆయన మీకు బాకీ ఉన్నాడమ్మా. దీనిమీద వేలిముద్ర వెయ్యకండి."